తాగుడు మానడానికి డాక్టరు, థెరపిస్టు, చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

తాగుడు గురించి అడిగేవాళ్ళందరూ తిరిగి తిరిగి అవే ప్రశ్నల దగ్గరికి వస్తారు. అడిగేవాళ్ళలో భార్యలే ఎక్కువ, తర్వాత అక్కలు, కొడుకులు. తాగే మనిషి స్వయంగా అడగడం తక్కువ. చాలామంది మనసులో రెండే దారులుంటాయి: దేవుడి ముందు ఒట్టు వేయించడం, లేదా డీ-అడిక్షన్ సెంటర్లో పడేయడం. అసలు చికిత్సలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్యలో, మామూలు ఓ.పి. చీటీతో జరుగుతుంది. 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది ఇళ్ళలో ఏ ఒట్లు నడుస్తున్నాయో ఊహించుకోవచ్చు.

మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. ఏ మాత్ర ఎంత అనేది మాత్రం డాక్టరే తేల్చాలి.

## ఇంకా అనుమానంలో ఉన్నప్పుడు

మా ఆయన రోజూ క్వార్టరే తాగుతాడు, గొడవ కూడా చేయడు. అది కూడా జబ్బేనా?

గొడవ చేయకపోవడం మంచిదే గానీ లివర్‌కి ఆ సంగతి పట్టదు. మన దేశంలో డాక్టర్లు లెక్కకు వాడే ఒక డ్రింకు అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, అంటే 30 మి.లీ. విస్కీ లేదా బ్రాందీ. క్వార్టర్ 180 మి.లీ. కాబట్టి అది ఆరు డ్రింకులు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో దాదాపు నాలుగుంటాయి. రోజుకు ఆరంటే ఏ డాక్టరూ "కొంచెమే" అనడు.

అయితే జబ్బా కాదా అన్నది పరిమాణాన్ని బట్టే చెప్పరు. అనుకున్నదానికంటే ఎక్కువ తాగేయడం, మానాలనుకుని మానలేకపోవడం, ఒకప్పుడు సరిపోయింది ఇప్పుడు ఎక్కకపోవడం, తాగని రోజు వణుకు, ఇల్లూ ఉద్యోగం దెబ్బతింటున్నా ఆపలేకపోవడం లాంటి 11 లక్షణాలు చూస్తారు. ఏడాది కాలంలో వాటిలో రెండు కనిపించినా సమస్య మొదలైనట్టే.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఏమైనా ఉందా?

ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే ప్రశ్నావళి. 10 ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తాగుడు ప్రమాదకరంగా మారిందని, 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే బానిసత్వం ఉండే అవకాశం ఎక్కువని అర్థం. తాగే మనిషే ఒంటరిగా కూర్చుని నింపుకుంటేనే దానికి విలువ. భార్య నింపి అత్తమామల ముందు చదివి వినిపిస్తే అది పరీక్ష కాదు, పంచాయితీ.

లివర్ టెస్టు నార్మల్ వచ్చింది కదా, ఇంకేం భయం?

లివర్ బాగా దెబ్బతినేదాకా మామూలు రక్తపరీక్షలు నార్మల్‌గా రావచ్చు. పైగా తాగుడు సమస్య లివర్ ఒక్కదానిదే కాదు. నిద్ర, బీపీ, నరాలు, జ్ఞాపకశక్తి, డిప్రెషన్, రోడ్డు ప్రమాదాలు ఏ లివర్ రిపోర్టులోనూ కనిపించవు.

అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టడు. అంటే మానగలడనే కదా?

41 రోజులు ఆగగలిగాడంటే అది చిన్న విషయం కాదు, దాన్ని ఎగతాళి చేయకండి. ఆ రోజుల్లో ఏం మారిందో చూడండి. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ళ స్నానం, సాయంత్రం పూజ, చుట్టూ తాగని గురుస్వాములు, "స్వామీ" అని పిలిచే ఊరు. వైన్స్ దగ్గర ఆగే సమయానికి వేరే పని, తాగే స్నేహితుల బదులు వేరే మనుషులు. థెరపిస్టులు నెలల తరబడి కష్టపడి కట్టేది దాదాపు ఇదే.

చిక్కు మాల తీసిన రాత్రి వస్తుంది. ఇరుముడి దించి ఇంటికి రాకముందే సీసా తెరిచినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దీక్ష ముగియడానికి వారం ముందే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటే, అప్పటికే ఒంట్లో మద్యం లేని మనిషితో చికిత్స మొదలవుతుంది. అంతకంటే మంచి సమయం దొరకదు. ఒక హెచ్చరిక: రోజూ పొద్దున్నే తాగేంత ముదిరినవాళ్ళు డాక్టరును కలవకుండా మాల కోసం ఒక్కరోజులో ఆపేయకూడదు.

## మానే ముందు, మానిన తొలి వారం

ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయమా? మానమని మేమే కదా పోరుతున్నాం?

ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవాళ్ళకు అవును, ప్రాణం మీదికి రావచ్చు. మెదడు మద్యానికి అలవాటు పడి ఉంటుంది. అది అకస్మాత్తుగా ఆగితే నరాల వ్యవస్థ అదుపు తప్పుతుంది. ఆపిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోతుంది. బ్యాంకులో సంతకం కలవదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, మంచం మీద నిలవరు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స లేకపోతే చనిపోయే ప్రమాదం ఉంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్సులన్నీ ఒక్కసారి మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు వరుసకట్టారు. మానాలని వాళ్ళెవరూ అనుకోలేదు, సరుకు దొరకలేదంతే. డాక్టరు పర్యవేక్షణలో ఇదే దశ సాధారణంగా వారం లోపు మాత్రలతో గడిచిపోతుంది.

ఏం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి?

ఫిట్స్ వస్తే. ఉన్నచోటు, రోజు, మనుషుల్ని గుర్తుపట్టకపోతే. గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అంటుంటే. జ్వరంతో వణికిపోతుంటే, రక్తం కక్కుకుంటే, చచ్చిపోతానంటుంటే. 108కి ఫోన్ చేయండి.

క్యాజువాలిటీలో మొదటి మాటగా చెప్పాల్సింది ఇది: "రోజూ ఇంత తాగేవాడు, చివరిసారి ఫలానా రోజు ఇన్ని గంటలకు తాగాడు." పరువు పోతుందని చాలామంది జ్వరమని మాత్రమే చెప్తారు. దాంతో విలువైన గంటలు పోతాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటివాళ్ళకు గ్లూకోజ్ పెట్టేముందు విటమిన్ బి1, అంటే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. తాగుడు సంగతి తెలియకపోతే అది తప్పిపోయి మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు.

మా నాన్న కల్లు తప్ప ఇంకేదీ ముట్టడు. చెట్టు నుంచి వచ్చేదే కదా?

చెట్టు నుంచి దించిన కల్లు వేరు, తెలంగాణలో చాలా దుకాణాల్లో సీసాల్లో అమ్మినది వేరు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ పదేపదే పట్టుబడ్డాయి. అవి మత్తుమందులు. అలాంటి కల్లు ఆగిపోయినప్పుడు మెడ వంకర్లు పోవడం, పిచ్చిగా మాట్లాడడం, ఫిట్స్ వస్తాయి. కాబట్టి "కల్లే కదా" అని ఇంట్లో కట్టడి చేయకండి. ఏ దుకాణం కల్లు, రోజుకెన్ని సీసాలు అన్నది డాక్టరుకు చెప్తే చికిత్స దానికి తగ్గట్టు మారుతుంది.

ఇంట్లోనే నిద్రమాత్రలు వేసి మాన్పించవచ్చా?

మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్రలతో వద్దు. ఆసుపత్రిలో వాడేవీ అదే జాతి మందులే: క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపాం, లివర్ పాడైనవాళ్ళకు లొరాజిపాం. కానీ అక్కడ మోతాదు లక్షణాలను చూసి పెంచి, కొద్ది రోజుల్లో తగ్గించి ఆపేస్తారు. ఇంట్లో మాత్ర వేసుకున్నాక ఆయన బయటికెళ్ళి తాగితే ఊపిరి ఆగే ప్రమాదముంది. లేదా తాగుడు పోయి మాత్రల అలవాటు మిగులుతుంది. లక్షణాలు తేలికగా ఉండి, గతంలో ఫిట్స్ రాకుండా, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటే డాక్టర్లే ఇంటి నుంచి చికిత్సకు ఒప్పుకుంటారు.

## డాక్టరును, థెరపిస్టును వెతుకుతున్నప్పుడు

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి: సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సెలరా?

రోజూ తాగే మనిషైతే ముందు సైకియాట్రిస్టు. ఆయన ఎం.బి.బి.ఎస్. చేసి ఆ తర్వాత ఎం.డి. లేదా డి.పి.ఎం. లాంటి సైకియాట్రీ అర్హత పొందిన డాక్టరు. మందులు రాయగలడు, శరీరాన్ని పరీక్షించగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. వాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, వారం రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు.

డబ్బు లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ చికిత్స దొరుకుతుందా?

దొరుకుతుంది, చాలామందికి తెలియదంతే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఇవి కాక గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు, కర్నూలు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓ.పి. ఉంటుంది. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. రాయలసీమవాళ్ళకు బెంగళూరులోని కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా దగ్గరే. అక్కడ మత్తు వ్యసనాల చికిత్సకే ఒక ప్రత్యేక కేంద్రం నడుస్తోంది.

"పిచ్చాసుపత్రికి తీసుకెళ్తావా" అని మనిషి అడ్డం తిరిగితే జనరల్ ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓ.పి.కి వెళ్ళండి. అక్కడ పక్క వరసలో నిలబడేది నడుంనొప్పివాళ్ళు. ఇబ్బంది ఒకటే, రద్దీ. ఎక్కువ సేపు మాట్లాడే తీరిక డాక్టరుకు ఉండదు. ఎంత తాగుతాడు, ఎప్పటి నుంచి, ఏయే మాత్రలు వాడుతున్నాడు అన్నది కాగితం మీద రాసుకెళ్ళండి.

ఫోన్లో మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. మీకు దగ్గర్లో ఏ కేంద్రం ఉందో వీళ్ళనే అడగవచ్చు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వచ్చే నంబర్లలో చాలావరకు ప్రైవేటు సెంటర్ల ప్రకటనలు.

మంచి థెరపిస్టని ఎలా తెలుసుకోవాలి?

మొదటి ఫోన్లోనే నాలుగు సంగతులు అడగండి. తాగుడు కేసులు రెగ్యులర్‌గా చూస్తారా? సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తారా? మళ్ళీ తాగితే మీరేం చేస్తారు? ఇంట్లోవాళ్ళను కూడా కూర్చోబెడతారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలు కొలత. "మా దగ్గర అలా జరగదు, గ్యారంటీ" అంటే ఫోన్ పెట్టేయండి. "జరగవచ్చు, జరిగితే వెంటనే రమ్మంటాం, ఎక్కడ జారాడో చూస్తాం" అన్నవాళ్ళను నమ్మవచ్చు.

భాష కూడా ముఖ్యమే. ఇంగ్లీషులో చక్కగా మాట్లాడే ఐటీ ఉద్యోగి కూడా నాన్న కొట్టిన దెబ్బల గురించి తెలుగులోనే చెప్పగలడు. రెండు మూడు సెషన్ల తర్వాత కూడా నీతిబోధే వినిపిస్తుంటే మనిషిని మార్చండి. అది థెరపిస్టుకు ద్రోహం చేయడం కాదు.

మాటలతో తాగుడు మానుతుందా? లోపల అసలేం చేస్తారు?

మానమని చెప్పరు, అదే మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. తాగడం వల్ల ఏం దొరుకుతోంది, ఏం పోతోంది అని అడిగి, ఆయన నోటితోనే మానడానికి కారణాలు రప్పిస్తారు. తర్వాత తాగాలనిపించే సందర్భాలను పట్టుకుంటారు. ఉదాహరణకు, జీతం పడిన సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి. ఏ మలుపులో వైన్స్ ఉంది, ఆ సమయానికి కడుపు ఖాళీగా ఉందా, ఫోన్ చేసే స్నేహితుడెవరు, వేరే దారి ఉందా, జేబులో ఎంత ఉంచుకోవాలి. ఇంత చిన్న చిన్న సంగతులు కూడా మాట్లాడతారు. "ఒక్క పెగ్గే రా" అన్నవాడికి ఏం చెప్పాలో గదిలోనే అనిపించి చూస్తారు. ఇది వారానికొక గంట చొప్పున కొన్ని నెలలు సాగే పని.

ఆయన రానంటున్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళవచ్చా?

వెళ్ళండి. తాగే మనిషి రాకపోయినా ఇంట్లోవాళ్ళకు శిక్షణ ఇచ్చే పద్ధతులున్నాయి. వాటివల్ల ఆ మనిషి తర్వాత చికిత్సకు రావడమూ జరుగుతుంది. తాగి ఉన్నప్పుడు వాదించవద్దు, పొద్దున్న మత్తు దిగాక కాఫీ వేళ మాట్లాడండి అంటారు. తాగని సాయంత్రం ఆయనకిష్టమైన కూర వండండి, తాగొచ్చిన రోజు సేవలు చేయకండి, ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ" అని అబద్ధం చెప్పకండి అంటారు. వినడానికి చిన్నవే, ఆచరించడం కష్టం.

కొడుతుంటే లెక్క వేరు. అప్పుడు ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండాలి. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 పోలీసులు. "చికిత్స అయ్యాక మారతాడులే" అని దెబ్బలు తింటూ కూర్చోనక్కర్లేదు.

## మాత్రల గురించి

తాగాలనే కోరికను తగ్గించే మాత్రలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. నాల్ట్రెక్సోన్ తాగితే వచ్చే కిక్కును తగ్గిస్తుంది. లివర్ చూసి ఇస్తారు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో కలపకూడదు. అకాంప్రోసేట్ మానేసినవాళ్ళు నిలబడడానికి సాయపడుతుంది, కిడ్నీ పరీక్ష చేయించాలి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకు బాక్లోఫెన్ వాడుతుంటారు. ఇవేవీ మత్తుమందులు కావు. అందరికీ ఒకేలా పనిచేయవు. కొన్ని నెలలు వాడాలి, "బాగానే ఉన్నాడు కదా" అని రెండో వారంలో ఆపేస్తే ఉపయోగం ఉండదు.

తెలియకుండా అన్నంలో కలిపే పొడి అమ్ముతున్నారు. వాడవచ్చా?

వాడకండి. బస్సుల వెనకా గోడల మీదా ప్రకటనలతో అమ్మే ఈ పొడుల్లో ఏముందో ఎవరూ చెప్పరు. డైసల్ఫిరామ్ ఉంటే మరీ ప్రమాదం. ఆ మాత్ర వేసుకుని మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం జరుగుతాయి. గుండెజబ్బు ఉంటే ప్రాణమే పోవచ్చు. డాక్టర్లు దీన్ని చివరి డ్రింకు తర్వాత కనీసం 12 గంటలు ఆగి, రోగికి అంతా వివరించి, ఒప్పుకున్నాకే ఇస్తారు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ప్రభావం ఉండవచ్చు. కొన్ని దగ్గు సిరప్‌లతో కూడా రియాక్షన్ రావచ్చు. ఈ సంగతులన్నీ తెలిసి, భార్య చేతి మీదుగా రోజూ వేసుకునేవాళ్ళకు అది బాగా పనిచేస్తుంది. దొంగచాటుగా పెడితే మాత్రం, బయటపడిన రోజున ఆయన మీ చేతి అన్నం మానేస్తాడు, తాగుడు కాదు.

## సెంటర్లో చేర్పించాలా అని ఆలోచిస్తున్నప్పుడు

అడ్మిషన్ తప్పనిసరా?

కాదు, చాలామందికి ఓ.పి. చాలు. గతంలో ఫిట్స్ లేదా మతి తప్పడం జరిగినవాళ్ళు, లివర్, గుండె జబ్బులున్నవాళ్ళు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళు, ఇంటి దగ్గర ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆపలేకపోయినవాళ్ళు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్ళు చేరాలి. అప్పు చేసి మూడు నెలలు సెంటర్లో ఉంచి, బయటికొచ్చాక డాక్టరునే కలవని కుటుంబాలు బోలెడు. ఆ డబ్బులో పావు వంతు ఏడాది పొడవునా ఓ.పి.కి, మందులకు, థెరపీకి పెడితే నయం అని నా అభిప్రాయం.

సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

చెప్పకుండా మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళండి. గేటు దగ్గరే ఆపి "ఆఫీసు రూమ్‌లో మాట్లాడదాం" అంటే అనుమానించండి. వంటగది, బాత్రూములు, పడుకునే గది చూపించమనండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ అడగండి. సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వారానికోసారైనా ఇంటివాళ్ళతో ఒంటరిగా మాట్లాడనిస్తారా, ఇవి తెలుసుకోండి. అక్కడున్నవాళ్ళ కళ్ళల్లోకి చూడండి. మీరు వస్తే తల దించుకుని గోడకు నిలబడ్డారంటే అక్కడ కొడుతున్నారన్నమాట.

రాత్రికి బండి పంపించి కట్టేసి తీసుకెళ్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. మనిషి తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసేంత తీవ్ర స్థితిలో ఉంటే, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్య లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. అది రిజిస్టరైన ఆసుపత్రిలో జరిగే పని. అర్ధరాత్రి నలుగురు బలిష్ఠులు చేసే పని కాదు.

ఇన్సూరెన్స్ వస్తుందా? ఆఫీసుకు తెలిసిపోతుందా?

మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్తోంది. అయినా చాలా పాలసీల్లో మద్యపాన చికిత్సకు మినహాయింపు నిబంధన కనిపిస్తుంది. చేరకముందే కంపెనీని ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ఆసుపత్రి తనంత తాను మీ మేనేజరుకు చెప్పకూడదు. క్యాష్‌లెస్ క్లెయిమ్ పెడితే మాత్రం బీమా కంపెనీ డాక్టరు కాగితాలు చూస్తారు.

## మానేశాక

మూడు నెలలు మానేసి పెళ్ళిలో మళ్ళీ తాగాడు. అంతా వృథాయేనా?

కాదు. షుగర్ ఉన్నవాడు పండక్కి స్వీట్లు తిని షుగర్ పెంచుకుంటే ఇన్సులిన్ పనికిరాదని పారేయం కదా. ఆ రాత్రి తిట్టకుండా పడుకోనివ్వండి, మర్నాడే డాక్టరుకు ఫోన్ చేయండి. వరసగా తాగుతూ పోతే పాత మోతాదుకు చేరుకోవచ్చు, ఒక్క రోజైతే తిరిగి పట్టుకోవడం తేలిక. మందులు మానేశాడా, ఉద్యోగం టెన్షనా, నిద్ర పట్టడం లేదా అని చూస్తారు. చాలాసార్లు కింద డిప్రెషన్ ఉంటుంది, దానికి వేరే చికిత్స కావాలి.

ఏ.ఏ. మీటింగులంటే ఏమిటి? మతం మార్చేవాళ్ళా?

ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైంది. తాగుడు మానేసినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు వలయంగా కూర్చుని తమ సంగతులు చెప్పుకుంటారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. చాలాచోట్ల చర్చి హాళ్ళలో జరుగుతాయి కాబట్టి ఈ అనుమానం వస్తుంది, కానీ ఏ మతానికీ సంబంధం లేదు. దేవుడి ప్రస్తావన ఉంటుంది, ఎవరి దేవుడు వాళ్ళదే. కొందరికి అది నచ్చదు, నచ్చకపోతే బలవంతం లేదు. కుటుంబాలకు అల్-అనాన్ అని వేరే ఉంది. ఒక మీటింగు నచ్చకపోతే ఇంకో గుంపును చూడండి, మనుషులు మారితే వాతావరణం మారుతుంది.

మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, ఒంటరిగా తాగుతున్నాడు. ఇక్కడి నుంచి ఏం చేయగలం?

అక్కడి ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 1-800-662-4357, 24 గంటలూ పనిచేస్తుంది. ప్రాణం తీసుకుంటానంటే 988. వ్యసన చికిత్స రికార్డులకు అక్కడ ఫెడరల్ చట్టంలో ప్రత్యేక గోప్యత ఉంది. వీసా పోతుందని చికిత్సకు భయపడేవాళ్ళు నిజానికి భయపడాల్సింది తాగి కారు నడపడానికి. ఆ కేసులో అరెస్టయితే వీసా రద్దయ్యే అవకాశముంది.

తెలుగు థెరపిస్టు కావాలంటే, తమ్ముడు ఉండే రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్ళను వెతకాలి. పక్క రాష్ట్రం వాళ్ళు వీడియోలో కూడా అన్నిసార్లూ చూడలేరు. మీరు చేయగలిగింది, అక్కడి సమయం చూసుకుని శనివారం పొద్దున్న ఫోన్ చేయడం. శుక్రవారం రాత్రి చేస్తే ఫోన్ ఎత్తడు, ఎత్తినా ఆ మాటలు తర్వాత అతనికి గుర్తుండవు.